తాతకు పాటుంది, మనవడికి చేతులున్నాయి - మధ్యలో తండ్రేడి?

మొన్న దసరాకు మేం పాతపట్నం వెళ్ళాం. నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర జనం కిటకిట. ఇటు నుంచి తెలుగోళ్ళు, అటు పర్లాకిమిడి వైపు నుంచి ఒడియావాళ్ళు. అమ్మవారికి మాత్రం సరిహద్దు లేదు. ఆ సందడికి కాస్త అవతల, ఒక ఇంటి పెరట్లో తప్పెట చప్పుడు వినిపించి అటు నడిచాం.

డెబ్బై దాటిన తాత. అయిదో తరగతి చదివే మనవడు. తాత తప్పెట ఆ పిల్లాడి గుండె మీద కట్టి ఉంది. వాడికది చాలా పెద్దది. జారిపోకుండా తువ్వాలుతో బిగించాడు ముసలాయన. కాళ్ళకు గజ్జెలు. పిల్లాడు చెయ్యి ముందు వేస్తున్నాడు, కాలు వెనక పడుతోంది.

"ఓరె గుంటడా, సెయ్యి ముందు కాదురా! కాలు ముందు. కాలు పడ్డాక సెయ్యి."

పిల్లాడు మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ తప్పాడు. తాత విసుక్కోలేదు. తనే లేచి, తప్పెట లేకుండానే, వట్టి కాళ్ళతో నాలుగు అడుగులు వేసి చూపించాడు. ఆ వయసులో ఆ అడుగు చూసి మా గుండె ఝల్లుమంది.

"వీళ్ళ నాన్నేడి తాతా?" అని అడిగాం.

"ఐద్రాబాదులో ఉన్నాడు బావూ. సెంట్రింగు పని. సంకురేత్రికొస్తాడు."

"ఆయనకు రాదా ఇది?"

"ఎందుకు రాదు? నానే నేర్పినాను. నాకన్నా బాగా ఎగిరీవోడు. ఐద్రాబాదులో తప్పెట కట్టుకుని ఏటి సేస్తాడు సెప్పు?"

మిత్రులారా, ఈ వారం మేం రాస్తున్నదంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే. బడ్జెట్ లెక్కలు, ప్రాజెక్టుల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు చాలాసార్లు రాశాం. మళ్ళీ రాస్తాం. ఈసారి లెక్కకు అందని నష్టం గురించి రాస్తున్నాం.

వరస తెగిపోయింది

తప్పెటగుళ్ళు ఎలా నేర్చుకుంటారో ఉద్యోగాల్లో పడి పట్నాలు చేరిన మన వాళ్ళలో చాలామంది మరిచిపోయారు. దానికి పుస్తకం లేదు. స్వరం రాసిన కాగితం లేదు. రేకుతో చేసిన ఆ గుండ్రటి తప్పెటను గుండెకు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, ఎగురుతూ పాడాలి. ముందున్నవాడు చరణం ఎత్తుకుంటే వరసలో ఉన్నవాళ్ళందరూ అందుకోవాలి. పదిహేను మందో ఇరవై మందో ఉంటేనే అది తప్పెటగుళ్ళు. ఒక్కడు వాయిస్తే అది వట్టి చప్పుడు.

పిల్లాడు ఆ వరసకు చిట్టచివర నిలబడతాడు. మొదట కాళ్ళు నేర్చుకుంటాయి. తర్వాత చేతులు. గొంతు అన్నిటికంటే ఆఖరున నేర్చుకుంటుంది. ముందున్న చిన్నాన్న కాలు చూసి, పక్కనున్న మావయ్య చెయ్యి చూసి, ఒక గంగమ్మ జాతరలో తప్పి, మరో సంక్రాంతికి సరిదిద్దుకుని, ఏళ్ళ తరబడి ఒక్కొక్క మనిషినీ దాటుకుంటూ ముందుకు వస్తాడు. అదీ వాడి బడి. మాస్టారు ఒక్కడు కాదు. వరస మొత్తం మాస్టారే.

ఇప్పుడా వరస ఎక్కడుంది? చిన్నాన్న చెన్నైలో ఉన్నాడు. మావయ్య బెంగుళూరులో అపార్టుమెంటు వాచ్‌మన్. నాన్న హైదరాబాదులో సెంట్రింగు చెక్కలు మోస్తున్నాడు. వరసకు ఆ చివర తాత, ఈ చివర మనవడు మిగిలారు. నడుమ ఖాళీ. తాత ఎంత నేర్పినా ఇద్దరితో వరస కాదు.

కళలు అంతరించిపోతున్నాయని ఆగస్టులో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి సభలు పెట్టి కన్నీళ్ళు పెట్టుకునే పెద్దలున్నారు. టీవీ వచ్చి చంపేసిందంటారు. సినిమా చంపేసిందంటారు. ఇప్పుడు సెల్‌ఫోను చంపేసిందంటున్నారు. అయ్యా, టీవీ గుంటూరులోనూ ఉంది. సెల్‌ఫోను కృష్ణాలోనూ ఉంది. మా పాటను చంపుతున్నది వలస! కడుపు చేత పట్టుకుని రైలెక్కడం! నౌపడా నుంచి గుణుపురం పోయే లైను మీద పాతపట్నం స్టేషనుంది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా చిన్న రైలు నడిచిన దారి అది. నూట పాతికేళ్ళ నుంచీ రైలు చూస్తున్న ఊరు, ఆ రైలులో పనికోసం బయటికి పోయేవాళ్ళనే ఎందుకు చూస్తోంది? పని వెతుక్కుంటూ ఈ ఊరికి దిగేవాళ్ళను ఎందుకు చూడటం లేదు?

శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల సముద్ర తీరముంది. అయినా మన మత్స్యకారుడు గుజరాత్ వెళ్ళి వెరావల్‌లో పడవెక్కాలి. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన 20 మంది పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఇంటి ముందు సముద్రం ఉన్నవాడు పరాయి సముద్రంలో పట్టుబడటం ఏ దేశంలో వింత కాదు? అన్నాళ్ళు వాళ్ళ పిల్లలకు పడవపాట ఎవరు నేర్పి ఉంటారు?

మన బడి మన ఇల్లే

ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పాట నేర్చుకోవడం ఏదో పల్లెటూరి ముచ్చట అనుకునేవాళ్ళ కోసం కొన్ని పేర్లు చెప్తాం. ఇవి కులాసాకి చెప్పే పేర్లు కావు. తెలుగు సంగీతం నిలబడిన స్తంభాలు.

ద్వారం వెంకటస్వామినాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది మన గడ్డ మీదే. కంటిచూపు సరిగా లేని పిల్లాడు. వయొలిన్ మొదట చేతికిచ్చి నేర్పింది ఎవరు? ఏ యూనివర్సిటీ? ఏ అకాడెమీ? సొంత అన్నయ్య వెంకటకృష్ణయ్య! అన్న కమాను ఎలా లాగాడో చూసి తమ్ముడు లాగాడు. ఆ తమ్ముడే తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడెమీ చేత 1941లో సంగీత కళానిధి అనిపించుకున్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కూతురు మంగతాయారు కూడా వయొలిన్ విద్వాంసురాలైంది.

ఆదిభట్ల నారాయణదాసు. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టాడు. హరికథకు పితామహుడని తెలుగుదేశమంతా చేతులెత్తి మొక్కుతుంది. ఆయన చెవిలో మొదట పడింది తల్లి నోట భాగవత పద్యం.

సాలూరి రాజేశ్వరరావు. సాలూరు దగ్గర శివరామపురం. తండ్రి సన్యాసిరాజు మృదంగం వాయించేవాడు, పాటలు రాసేవాడు. ద్వారం వారి కచేరీలకు పక్కన కూర్చున్న మనిషి. కొడుకు పసితనంలోనే ఆ తండ్రి దగ్గర సరిగమలు పట్టాడు. ఇంకా మీసాలు రాని వయసులో, 1935లో, శ్రీకృష్ణ లీలలు సినిమాలో కృష్ణుడై పాడాడు. తర్వాత తెలుగు సినిమా పాటకు ఆయన చేసిందేమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. అన్న హనుమంతరావు కూడా సంగీత దర్శకుడే. ఒకే ఇల్లు. ఒకే తండ్రి.

అదే సాలూరులో పట్రాయని వారు. నరసింహశాస్త్రి పెద్ద గురువు. కొడుకు సీతారామశాస్త్రి చిన్న గురువు. ఆయన కొడుకు సంగీతరావు. మూడు తరాలు, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. సంగీతరావు ఘంటసాలకు దశాబ్దాల పాటు చేదోడుగా నిలిచి, నూరేళ్ళు నిండిన మనిషిగా 2021లో మద్రాసులో కన్నుమూశారు.

మరి ఘంటసాల? ఆయన కృష్ణా జిల్లావాడు. తండ్రి సూరయ్య దగ్గర తరంగాలు నేర్చుకున్నాడు. ఆ తండ్రి చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో నేర్పే మనిషి పోయాక ఆ తండ్రి లేని పిల్లాడు ఎక్కడికొచ్చాడు? విజయనగరం వచ్చాడు! వారాలు చేసుకున్నాడు, మధూకరం ఎత్తుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ పిల్లాణ్ణి దగ్గరకు తీసి, సంగీతం చెప్పాడు. కోస్తా పిల్లాడికి తండ్రి లేని లోటు తీర్చింది ఉత్తరాంధ్ర ఇల్లు. ఇది మేం గొప్పకు చెప్పడం లేదు. మా ఇంటికొచ్చిన పిల్లాణ్ణి 'నీదే జిల్లా?' అని మేం అడగలేదు. అది గుర్తుంచుకోమంటున్నాం.

ఒక పిల్లాడి కోసం ఒక కాలేజీ

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఎందుకు పుట్టిందో ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవాలి. విజయరామ గజపతిరాజు ఆ ఒక్క పిల్లాణ్ణి చూసి, ఇలాంటి పిల్లలు ఇంకెందరున్నారో అని కాలేజీ పెట్టాడంటారు. నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆ వాద్యం విని, నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు అని అధ్యాపకుణ్ణి చేశారని కూడా చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు 26. తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యాడు. ఆ కాలేజీలోనే ఘంటసాల చదివాడు. విజయనగరం ఆడపడుచు పి.సుశీల చదివింది.

రాజుల భజన చేయడానికి ఇది రాయలేదు. ఆ ఖజానాలో ఉన్నది మన రైతు కట్టిన శిస్తు. మన నాగలి సొమ్ము. వాళ్ళు దయతో ఇచ్చిందేమీ లేదు. మేం చెప్పదలచుకున్నది వేరు.

అన్న దగ్గర నేర్చుకున్న కుర్రాడు అధ్యాపకుడు ఎలా అయ్యాడు? నిర్ణయం తీసుకునే మనిషి ఆ ఊళ్ళోనే ఉన్నాడు కనుక. తన చెవులతో విన్నాడు కనుక. సర్టిఫికెట్టు అడగలేదు. ఫైలు పైకి పంపలేదు. చూపులేని పిల్లాడి గురించి ఎలా తెలిసింది? ఆ పిల్లాడు కళ్ళెదురుగా తిరిగాడు కనుక. శిస్తు ఇక్కడిది, నిర్ణయం ఇక్కడిది, పిల్లాడు ఇక్కడివాడు. మూడూ ఒక్కచోట ఉన్నాయి.

ఇప్పుడు పాతపట్నం పిల్లాడి సంగతి చూడండి. వాడు విజయనగరం కాలేజీకి పోవాలంటే వంద కిలోమీటర్ల పైచిలుకు. వాడి గురించి నిర్ణయం తీసుకునే మనిషి దగ్గరకు పోవాలంటే దాదాపు 500 కిలోమీటర్లు. అంతకు ముందు హైదరాబాదు ఇంకా దూరం. అంత దూరం నుంచి తప్పెట చప్పుడు ఎవడికి వినిపిస్తుంది? స్వపరిపాలన అంటే మరేమీ కాదు. చప్పుడు వినిపించేంత దగ్గరలో ప్రభుత్వం ఉండడం!

ఏం చేశారు మీరు?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నుంచి లెక్క తీద్దాం.

సంగీత నాటక అకాడెమీ పెట్టారు. 1983లో మిగతా అకాడెములతో కలిపి ఒక్క కలంపోటుతో రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టారు. బాగానే ఉంది. ఎక్కడ పెట్టారు? హైదరాబాదులో. దాని పీఠాలు ఎక్కడ? సాహిత్యం రాజమండ్రిలో. చరిత్ర, సంస్కృతి శ్రీశైలంలో. జానపద, గిరిజన విజ్ఞానం వరంగల్లులో. నాట్యం కూచిపూడిలో. ఆ ఊళ్ళ మీద మాకు అసూయ లేదు. వాటికి అర్హత ఉంది. కానీ తప్పెటగుళ్ళు, జముకులకథ, తూర్పు భాగవతం, థింసా, సవరల పాట ఉన్న నేలకు ఒక్క పీఠమైనా ఎందుకు దక్కలేదు? ద్వారం, దాసు, సాలూరి, పట్రాయని పెరిగిన నేలకు ఒక్క కుర్చీ వేయడానికి చెయ్యి రాలేదెందుకు? 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ వరంగల్లు పీఠం పక్క రాష్ట్రానిదైపోయింది. మనకు పోవడానికేమీ లేదు. మొదటినుంచీ లేనిదేగా!

అదే 2014 చట్టంలో వెనుకబడిన రాయలసీమకూ ఉత్తర కోస్తాకూ ప్రత్యేక ప్యాకేజీ అన్నారు. చివరికి ఇచ్చింది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు, అదీ మూడేళ్ళు. వెనుకబాటుకు వాళ్ళు కట్టిన ఖరీదు అది. 2022లో మన మూడు జిల్లాలను ఆరు జిల్లాలు చేశారు. బోర్డులు పెరిగాయి. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాతపట్నం శ్రీకాకుళంలోనే ఉంది. రైలెక్కే మనిషి మాత్రం ఏ జిల్లా బోర్డు కిందనుంచైనా అదే రైలెక్కుతున్నాడు.

పాతపట్నం నియోజకవర్గంలోనే హిరమండలం ఉంది. అక్కడే వంశధార మీద గొట్టా బ్యారేజీ. అక్కడే రిజర్వాయరు కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. నష్టపరిహారం లెక్కలో ఇల్లుంది, పొలముంది, చెట్టుంది. ఊరితోపాటు చెదిరిపోయిన భజన బృందానికి, తప్పెటగుళ్ళ వరసకు ఏ కాలమ్‌లో ఎంత రాశారు? నీళ్ళు కావాలి. రిజర్వాయరు కావాలి. మేం కాదనడం లేదు. మునిగిన ఊరివాడికి బతుకు ముందు, నీళ్ళ మాట తర్వాత అంటున్నాం.

గీతలు గీసిన ఊరు

పాతపట్నానికి గీతల బాధ కొత్త కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటుపోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకున్న ఊళ్ళు. మహేంద్రతనయ నీళ్ళు తాగిన ఊళ్ళు. ఆ విభజనను ఒప్పుకోలేక, పర్లాకిమిడిలో జీవితమంతా గడిపిన గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. తెలుగువాడి నోటి మాటకు బడిలో చోటిప్పించిన ఆ మనిషిని తన ఊళ్ళో నిలవనివ్వలేదు ఆ గీత.

ఆ గిడుగే సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. సవరలో పాఠాలు రాశారు. వ్యాకరణం, నిఘంటువు చేశారు. వాళ్ళ పాటలు విని రాసుకున్నారు. కొడుకు సీతాపతి తండ్రి దగ్గర ఆ విద్య అందుకుని కొనసాగించారు. చూశారా, ఇక్కడా అదే! తండ్రి నుంచి కొడుక్కి. ఇంటి బడి. ఏ ప్రభుత్వమూ జీతమిచ్చి చేయించలేని పని ఒక తండ్రీ కొడుకూ చేశారు.

1936, 1953, 1956, 2014. నాలుగుసార్లు మ్యాపులు మార్చారు. ఉత్తరాంధ్రవాడా, నీకేం కావాలని మనల్ని కూర్చోబెట్టి అడిగింది ఒక్కసారైనా ఉందా?

"పాటకూ రాష్ట్రానికీ ఏం సంబంధం?"

ఈ ప్రశ్న వేసే మేధావులున్నారు. ద్వారం వారు ప్రత్యేక రాష్ట్రం ఉండి నేర్చుకున్నారా అంటారు. తాత నేర్పుతుంటే ప్రభుత్వమెందుకు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

జవాబు చెప్తాం. నేర్పడానికి ప్రభుత్వం అక్కర్లేదు. అన్నయ్య చాలు, అమ్మ చాలు, తాత చాలు. కానీ నేర్పే మనిషి ఇంట్లో ఉండాలంటే వాడికి ఊళ్ళో పని ఉండాలి. పని ఉండాలంటే పొలానికి నీళ్ళుండాలి, పక్కన మిల్లుండాలి, జీడిపప్పుకీ కొబ్బరికీ ధర ఉండాలి. నేర్చుకున్నవాడు నాలుగు మెతుకులు తినాలంటే బడిలో ఒక ఉద్యోగముండాలి. మన పల్లె బళ్ళలో సంగీతం పీరియడ్ ఎక్కడుందో చూపించండి. జముకు వాయించేవాణ్ణి మాస్టారుగా కూర్చోబెట్టిన బడి ఒక్కటి చూపించండి. తాత చేయగలిగింది తాత చేస్తున్నాడు. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయడం లేదు. తాత చేసే పనిని అడ్డం పెట్టుకుని తన బాధ్యత తప్పించుకుంటోంది. ఇదీ సంబంధం!

మన తప్పూ ఉంది

ఇంకొక మాట. ఇది చేదుగా ఉంటుంది. ఉద్యోగ మిత్రులు కోపగించుకోవద్దు.

మనలో ఎంతమందిమి పిల్లల ఎదుట మన యాస మాట్లాడుతున్నాం? 'ఏటి', 'ఎల్దాం' అన్నందుకు సినిమాలో పనిమనిషి వేషానికీ నవ్వించే పాత్రకీ మన మాట పెట్టారని మనకు మంటే. మరి నాయనమ్మ అదే మాట అంటే, స్నేహితుల ముందు అలా మాట్లాడకు అని పిల్లాడు గదమాయిస్తుంటే మనం ఊరుకోవడం లేదా? విశాఖపట్నంలో నెలకు వేలు పోసి కీబోర్డు క్లాసుకి పంపిస్తాం. కీబోర్డు మంచిదే, నేర్పించండి. కానీ వేసవి సెలవుల్లో తాత దగ్గరకు నెల్లాళ్ళు పంపమంటే, అక్కడ ఏసీ లేదంటాం.

ఇంకా లోతుకు వెళ్దాం. విజయనగరం కాలేజీ గొప్పదే. అందులో వయొలిన్‌కు చోటుంది, వీణకు చోటుంది. గొల్లవాడి తప్పెటకు, జముకులకథకుడి జముకుకు ఆ గుమ్మంలో ఏనాడైనా కుర్చీ వేశారా? ద్వారం వారి అన్నయ్య నేర్పింది సంగీతమైతే, పాతపట్నం పెరట్లో ఈ తాత నేర్పేది సంగీతం కాదా? రేపు మన రాష్ట్రం వచ్చాక కూడా ఈ మెట్లు ఇలాగే ఉంటే ఆ రాష్ట్రం ఎవరికి? ఈ ప్రశ్న ఇప్పుడే వేసుకుందాం. రాష్ట్రం వచ్చాక వేసుకుంటే ఆలస్యమవుతుంది. కళింగాంధ్ర అంటే విజయనగరం కోట ఒక్కటే కాదు. పాతపట్నం పెరడు కూడా.

ఈ నేల పాట ఊరుకున్న పాట కాదు

పెరట్లో నేర్చుకున్న పాట ఏం చేయగలదో ఈ నేలకు తెలుసు. సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు గుళ్ళో పూజారి. జముకులకథ చెప్పాడు. ఆ కథ వింటే కూలివాడు నిటారుగా నిలబడ్డాడు. 1969లో ఆయన్ని చంపారు. పాటను చంపలేకపోయారు. వంగపండు ప్రసాదరావు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. షిప్‌యార్డులో పని. 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి కట్టాడు. మన యాసను వేదిక మీదకు ఎక్కించాడు. 2020లో ఆయన పోయాడు. కూతురు ఉష గొంతులో ఆ పాట ఉంది. తండ్రి పాడుతుంటే విని పెరిగిన బిడ్డ అది పాడుతోంది. మళ్ళీ ఇంటి బడే!

తెలంగాణ మిత్రుల అనుభవం మన కళ్ళ ముందే ఉంది. 2002 తర్వాత అక్కడ ధూంధాం ఊరూరా తిరిగింది. నాయకుల ఉపన్యాసం చేయలేని పని డప్పు చేసింది. నాయనమ్మ బతుకమ్మ పాటను మనవరాలు యూనివర్సిటీలో పాడింది. 2014లో రాష్ట్రం వచ్చింది. 2024లో అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. బడి మెట్లెక్కని మనిషి పాటను ఒక రాష్ట్రం నిలబడి పాడుతోంది! వాళ్ళు ముందు తమ పాటను తాము గౌరవించుకున్నారు. ఆ తర్వాతే ఢిల్లీ వాళ్ళను గౌరవించింది. మనం ఆ మొదటి మెట్టు ఎక్కకుండా రెండోది అడిగితే ఎవడూ వినడు.

ఏం చేద్దాం?

విద్యార్థి మిత్రులకు: ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నీ జేబులో సెల్‌ఫోనుంటుంది. నాయనమ్మ ఉడుపుల పాట, తాత తప్పెట, మేనత్త జోల ఒక్కటైనా రికార్డు చెయ్యి. రికార్డు చేసి వదిలెయ్యకు. ఒక్క పాట నేర్చుకో. రికార్డు పెట్టెలో ఉంటుంది. పాట మనిషిలో ఉంటుంది.

ఉద్యోగ మిత్రులకు: మీ సంఘం వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఆర్కెస్ట్రా పిలవకండి. ఆ డబ్బు పెట్టి మన మండలం నుంచి ఒక తప్పెటగుళ్ళ బృందాన్ని పిలవండి. దారి ఖర్చులు, భోజనం, శాలువాతో సరిపెట్టకండి. కూలి ఇవ్వండి. మీ డీఏ ఒక్క నెల ఆగితే ఊరుకుంటారా? వాళ్ళదీ పనే.

పల్లెల్లో ఉద్యమ కమిటీలకు: సంక్రాంతి అయిదు రోజులూ వలస వెళ్ళినవాళ్ళు ఇంట్లో ఉంటారు. తెగిన వరస అయిదు రోజులు అతుక్కుంటుంది. ఆ అయిదు రోజులూ ఉపన్యాసాలతో తినెయ్యకండి. పిల్లల్ని వరస చివర నిలబెట్టండి. తర్వాత ఆ తండ్రుల్ని ఒక్క ప్రశ్న అడగండి: ఊళ్ళోనే పని దొరికితే మళ్ళీ రైలెక్కుతావా? ఆ జవాబే మన ఉద్యమ తీర్మానం. దాన్ని మించిన మేనిఫెస్టో మేం రాయలేం.

ప్రభుత్వానికి: జానపద, గిరిజన కళల పీఠం ఉత్తరాంధ్రలో పెట్టండి. అందులో తప్పెట, జముకు నేర్పే తాతలను అధ్యాపకులుగా కూర్చోబెట్టండి. డిగ్రీ అడగకండి. 1919లో విజయనగరంలో ఎవరూ ద్వారం వారిని డిగ్రీ అడగలేదు. మీరు పెట్టకపోతే మేం పెట్టుకుంటాం. మా రాష్ట్రంలో.

తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆ పెరటి ముందు నుంచే నడిచాం. చీకటి పడింది. పిల్లాడు ఇంకా వాయిస్తున్నాడు. ఈసారి కాలు ముందు పడింది, చెయ్యి తర్వాత పడింది. తాత ఏమీ అనలేదు. చరణం ఎత్తుకున్నాడు. అందుకోవడానికి వరస లేదు. పిల్లాడొక్కడే అందుకున్నాడు.

ఆ వరసను మళ్ళీ నింపడానికే మా పోరాటం. తండ్రిని ఇంటికి రప్పించే రాష్ట్రం కావాలి. అది మా రాష్ట్రమై ఉండాలి.

జై కళింగాంధ్ర!